కొసరు లేని తక్కెడ

పెద్దమండ్యం కాపురస్తుడను, వయస్సు 67 సంవత్సరములు, ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లకాయలకు లెక్కలు చెప్పి ప్రస్తుతం పింఛను తింటున్నవాడను, పాఠక మహాశయుల సముఖమునకు విన్నవించుకొను ఫిర్యాదు ఏమనగా:

మా ఊళ్ళో ఎవరికి పింఛను ఆగినా, గట్టు తగాదా వచ్చినా, బోరుకు కరెంటు కావలసినా అర్జీ రాసిపెట్టింది నేనే. ఇన్నేళ్ళకు నా అర్జీ నేనే రాసుకునే గతి పట్టింది. ఇందులో ప్రతివాది ఒక తక్కెడ. దాన్ని కొన్నవాడు నా అల్లుడు. వాడు నా సొంత అక్క కొడుకు కూడా కాబట్టి అల్లుడిగా గౌరవించాలా, మేనల్లుడిగా చెవి మెలిపెట్టాలా అన్నది ఆరు నెలలూ తేలలేదు. ఆరు నెలలంటే మేము, అంటే నేనూ నా భార్యా, అమెరికాలో టెక్సాసు రాష్ట్రం ఇర్వింగులో వాళ్ళింట్లో ఉన్న ఆరు నెలలు.

వాడు మంచివాడే. సిగరెట్టు లేదు, పేకాట లేదు. పన్నెండేళ్ళు ఎదురుచూసి గ్రీన్ కార్డు తెచ్చుకున్నాడు. అది వచ్చిన ఏడాది తక్కినవాళ్ళు తిరుపతికి వచ్చి గుండు కొట్టించుకుంటే, వీడు రైఫిలు కొనుక్కున్నాడు. అడవిలో మృగాన్ని కొట్టడానికి కాదు. దూరంగా కాగితం మీద గుండ్రంగా గీసిన చుక్కను కొట్టడానికి. ఆదివారం పొద్దున్నే లేచి నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ పోయి, కాగితానికి చిల్లులు పెట్టి, ఆ కాగితాన్ని భద్రంగా ఇంటికి తెచ్చి నాకు చూపిస్తాడు. బడిలో ప్రోగ్రెసు కార్డు చూపించినప్పుడు కూడా వాడి ముఖంలో ఆ వెలుగు చూడలేదు నేను.

అంతటితో ఆగితే ఈ అర్జీ ఉండేది కాదు. అంగట్లో దొరికే తూటాలన్నీ ఒక్క తీరుగా పేలవంట. ఒకదానిలో మందు పిసరంత ఎక్కువ, ఇంకొకదానిలో పిసరంత తక్కువ. కాబట్టి కాల్చేసిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, వాటిలో కొత్తగా మందు కూరి, కొత్త గుండు బిగించి, తన తూటాలు తానే ఇంట్లో చేసుకుంటాడు. ఆ దేశంలో సొంత వాడకానికైతే దీనికి లైసెన్సు అక్కరలేదు. అమ్ముకోవాలంటేనే కావాలి. మన దగ్గర ఎవరైనా మిద్దె మీద ఇదే పని మొదలుపెడితే 1959 నాటి ఆయుధాల చట్టం అయిదో సెక్షను మిద్దె ఎక్కి వస్తుంది, కాబట్టి ఇది చదివి ఎవరూ ఉత్సాహపడవద్దు.

డబ్బు మిగులుతుంది మామా అన్నాడు. లెక్కల మేష్టరును గదా, లెక్క అడిగాను. తూటాకు కొన్ని సెంట్లు మిగిలే మాట నిజమే. ఆ సెంట్లు మిగుల్చుకోవడానికి ఒక ఇనుప ప్రెస్సు, దానికి డైలు, ప్రైమర్లు పెట్టే పనిముట్టు, తొడుగులు కత్తిరించే యంత్రం, కొలిచే వెర్నియరు, మందు డబ్బాలు, నాలుగు పుస్తకాలు. కాఫీలోకి పావుశేరు పాలు కావాలని పాడిబర్రెనూ, దాని మేతకు రెండెకరాల పొలమూ కొన్నట్టు. పైగా తూటా చవకైందని రెండింతలు కాలుస్తాడు. మిగిలిన సెంట్లు ఏ దిక్కుకు పోయాయో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

భాష దగ్గరే మాకు మొదటి దెబ్బ తగిలింది. "డై సరిగా సెట్ కాలేదు మామా" అంటే తలకు వేసుకునే రంగు అనుకుని, ఈ వయసుకే నెరిసిందే పాపం అని జాలిపడ్డాను. "ప్రైమర్లు అయిపోయినాయి" అంటే గోడకు కొట్టేదో, ఒకటో తరగతి వాచకమో అనుకున్నాను. డై అంటే అచ్చంట, ప్రైమరంటే మందును రాజేసే చిన్న మూతంట. "రాత్రంతా టంబ్లరు తిరగనీ మామా, ఆపొద్దు" అన్నప్పుడు మాత్రం కంగారు పడ్డాను. మా చిత్తూరు దిక్కు టంబ్లరంటే కాఫీ తాగేది. అది రాత్రంతా తిరగడమేమిటి? తీరా చూస్తే అదొక గిన్నె యంత్రం. అందులో మొక్కజొన్న కండె పొడి పోసి, మసిబారిన ఇత్తడి తొడుగులు వేసి మీట నొక్కితే గరగరా వణుకుతూ వాటిని తళతళలాడిస్తుంది. మిక్సీలో గులకరాళ్ళు వేసి రుబ్బితే వచ్చే చప్పుడు. మా పడకగది గోడకు అవతలే దాని కాపురం.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు మందు అనే మాటతో వచ్చింది. మన తెలుగులో జ్వరానికి వేసుకునేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే, సాయంత్రం సీసాలో దిగేదీ మందే, తుపాకిలో పేలేదీ మందే. నా భార్య ఒకనాడు ఊరికి ఫోన్ చేసి మా అక్కతో, "ఏముంది వదినా, పది దాటినాక కారు షెడ్డులో తలుపేసుకొని మీ వాడు మందు తూస్తా కూర్చుంటాడు, పిలిచినా పలకడు" అనింది. అక్క నోట మాట లేదు. "ఎంత తీసుకుంటాడమ్మా రోజుకు?" అని మెల్లగా అడిగింది. "ఎంతంటే ఏం చెప్పేది, గింజ ఎక్కువైనా ప్రాణానికే మోసమంట" అనింది నా భార్య. ఫోన్ లైను గరగరలాడి, గింజ కాస్తా అవతల గంజాయి అయింది. తంబళ్ళపల్లె మల్లయ్యకొండకు మొక్కుబడి పడింది. వారం రోజులు మా పెద్దమండ్యంలో వాడి పేరెత్తితే జనం తల అడ్డంగా ఊపి నాలుక చప్పరించేవాళ్ళంట. ఈ అపవాదు తుడవడానికి నేను తుపాకి సంగతి చెప్పవలసి వచ్చింది. తుపాకి అని విన్నాక, మందే నయమనింది మా అక్క.

ఇక అసలు ప్రతివాది దగ్గరికి వస్తాను.

నా కూతుర్ని వాడికివ్వాలని నేనూ మా అక్కా అనుకోవడానికి ఒక కాఫీ చల్లారేంత సేపు పట్టలేదు. వాడు తక్కెడ ఎంచుకోవడానికి మూడు వారాలు పట్టింది. అన్నం తింటూ తక్కెడ, కారులో తక్కెడ, నిద్రలో తక్కెడ. మొదట మా అమ్మి వంటింట్లో పిండి తూచుకునే కాటా మీద చెయ్యి వేశాడు. అది గ్రాముల్లో చూపిస్తుంది. తుపాకి మందును మాత్రం అమెరికావాళ్ళు గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిను అంటే గింజ. ఒకప్పుడు బార్లీ గింజ బరువును ఆనవాలు పెట్టుకుని పుట్టిన కొలత. గ్రాముకు అవి పదిహేనున్నరకు కాస్త తక్కువ, పౌనుకు ఏడు వేలు. గ్రాముకు తక్కువైతే కన్నెత్తి చూడని వంటింటి కాటాకు పదిహేను గింజలు ఇటు పోయినా అటు పోయినా పట్టదు. వీడికి కావలసింది గింజలో పదోవంతు.

తర్వాత అరచేతిలో ఇమిడే నగల కాటా తెచ్చాడు. గ్రాములో నూరోవంతు చూపిస్తుంది. ఇంకేం కావాలిరా అన్నాను. గ్రాములో నూరోవంతంటే గింజలో పదోవంతు కంటే ఎక్కువే అవుతుంది మామా, చాలదు అన్నాడు. నేను కాగితం తీసి లెక్క వేశాను. వాడన్నదే నిజం. వాడికి లెక్కలు చెప్పింది నేనే అయినందుకు ఆ పూట చింతించాను.

మూడోది పెద్ద డిజిటల్ కాటా. దాని మర్యాదలు వేరు. మీట నొక్కి అరగంట దాన్ని వేడెక్కనివ్వాలి. నీటిబుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళు తిప్పి బల్లను సమం చెయ్యాలి. దానితో వచ్చిన పడికట్టు రాయిని చేత్తో ముట్టకుండా చిమటాతో పట్టి పెట్టి దానికి సరైన బరువేదో గుర్తు చెయ్యాలి. ఇంతా చేసినాక, దగ్గర్లో సెల్‌ఫోన్ మోగితే అంకె మారుతుంది. పైన ట్యూబులైటు వెలిగితే మారుతుంది. ఏసీ గాలి సోకితే మారుతుంది. ఏమీ జరగకపోయినా దానంతటదే మెల్లగా జారుతుంది. కొత్త కోడలు అలిగినట్టు, ఎందుకని అడిగితే చెప్పదు.

ఫలితం ఏమిటంటే, జూలై నెలలో, టెక్సాసులో, నలభై డిగ్రీల ఎండలో, ఆ షెడ్డులో ఏసీ బందు, ఫ్యాను బందు, ఫోన్లు బందు. నాకు దుమ్ము పడక తుమ్ములొస్తాయి. అవి కూడా బందు. ఒకసారి ఆపుకోలేక తుమ్మితే కాటా మీది అంకె ఎగిరి దూకింది. వాడు ఏమీ అనలేదు. తూచిన మందును తీసి మళ్ళీ డబ్బాలో పోసి, మొదటినుంచి మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

చిట్టచివరికి నాలుగోది వచ్చింది. పెట్టె విప్పగానే నా ప్రాణం లేచి వచ్చింది. తక్కెడ! అసలైన తక్కెడ! ఒకవైపు చిన్న పళ్ళెం, అడ్డంగా గాట్లు పెట్టిన దండె, దాని మీద జరిపే బరువులు, చివర ముల్లు. కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు. దండె కత్తి అంచు మీద నిలబడి ఊగుతుంది. ఊపు తొందరగా తగ్గడానికి చివర అయస్కాంతం పెట్టారు, అదొక్కటే కొత్త. మూడు వారాలు తిరిగి తిరిగి వాడు చేరింది మా తాత కోమటంగడి దగ్గరికే గదా అని మనసులో నవ్వుకున్నాను. దాని మీద ఆర్‌సీబీఎస్ అని పేరుంది. అదేమిట్రా అంటే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుమ, 1943లో, కాలిఫోర్నియాలో ఒరొవిల్ అనే ఊళ్ళో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయనకు గుండ్లు దొరక్క, తానే గుండ్లు నొక్కే అచ్చు చేసుకున్నాడు. ఉడతజాతి జంతువు ఒకటుంటుంది, దాన్ని అక్కడ రాక్ చక్ అంటారు. దాన్ని కొట్టే గుండ్ల అచ్చు అని దానికి పేరు పెట్టాడు. ఆ నాలుగు మాటల తొలి అక్షరాలే కంపెనీ పేరయ్యాయి. అంటే ఈ వైభవానికంతా మూలం ఒక ఉడతన్నమాట. మా దిక్కున ఉడత చెనక్కాయలు తింటే కుక్కను ఉసిగొలిపి ఊరుకున్నాం, కంపెనీ పెట్టాలని తోచలేదు.

తక్కెడ వచ్చింది గదా, ఇక నేను పనికొస్తాను అనుకుని పక్కన కూర్చున్నాను. పళ్ళెంలో మందు పోస్తున్నాడు. ముల్లు గీత దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ నా నోటి నుంచి వచ్చేసింది:

"కొంచెం మొగ్గు చూపించరా, కొసరు వెయ్యి."

వాడు తలెత్తి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "మామా, తూటాకు కొసరు వెయ్యకూడదు."

చూడండీ, ఇదీ నా అసలు ఫిర్యాదు. పుట్టి బుద్ధెరిగాక కొసరు లేని తూకాన్ని నేను చూడలేదు. కూరగాయలమ్మి వీసె వంకాయలు తూచి, పైన రెండు కాయలు వేస్తేనే తూకం పూర్తయినట్టు. వెయ్యకపోతే అడిగి వేయించుకుంటాం. కొసరి కొసరి వడ్డించడమంటే మనకు ప్రేమ. ఇచ్చేవాడు కొంచెం ఎక్కువిస్తే కొసరు, తీసుకునేవాడు కొంచెం ఎక్కువ లాక్కుంటే తరుగు. ఈ రెంటి మధ్యనే మా బతుకంతా గడిచింది. తరుగు సంగతి టమోటా రైతునడగండి. ఎండలో కోసి, బాక్సులకెత్తి, మండీకి తోలితే, కమీషను ఒకవైపు, తరుగు ఒకవైపు, పైగా జాక్‌పాటు అని ఇంకొకటి. జాక్‌పాటంటే రైతుకు తగిలేదనుకునేరు. ఇన్ని బాక్సులకు ఇన్నని రైతు దగ్గర ఊరికే తీసుకునే బాక్సులకు పెట్టిన పేరది. పేరు పెట్టినవాడెవడో హాస్యం తెలిసినవాడు. 2023 జూలైలో మదనపల్లెలో టమోటా కిలో రెండు వందల దాకా పోయినప్పుడు కూడా మా తోటలో కాయ లేదు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నేను చెప్పేదల్లా, బాక్సుకు రెండు కిలోలు అటూ ఇటూ అయితే అడిగే నాథుడు లేని ఊరినుంచి వెళ్ళినవాణ్ణి గింజలో పదోవంతు దగ్గర కూర్చోబెడితే ఊపిరి ఆడుతుందా?

అయితే కొసరు ఎందుకు కూడదో నాకు తెలియనిది కాదు. హైదరు, టిప్పుల ఫిరంగులు చూసిన గుర్రంకొండ కోట మాకు పొరుగునే, తుపాకి మందు వాసన మా దిక్కుకు కొత్తది కాదు. మా పెదనాయనకు అడవిపందుల కోసం లైసెన్సు తుపాకి ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషనులో అప్పజెప్పి, అయిపోయినాక తెచ్చుకునేవాడు. ఎంత మందు పోస్తావు పెదనాయనా అంటే, "పోసినంత" అనేవాడు. ఆయనకు ఎడమ కనుబొమ్మ ఉండేది కాదు. చిన్నప్పుడు అది పుట్టుకతోనే లేదనుకునేవాళ్ళం. ఇప్పటి పొగరాని మందు ఆ పాత నల్ల తుపాకిమందు కంటే చాలా గట్టిదంట. అందుకే మా అల్లుడు బల్ల మీద ఒక రకం మందు ఉంటే ఇంకొక రకం డబ్బా దింపడు, అంగట్లో వచ్చిన డబ్బాలోంచి వేరే డబ్బాలోకి మార్చడు, పుస్తకంలో ఉన్న అంకె దాటడు, పని చేస్తున్నంతసేపూ మాట్లాడడు. బల్ల దగ్గర తినకూడదు, తాగకూడదు. లేచినాక సీసం అంటిన చేతులు సబ్బుతో కడుక్కోనిదే బిడ్డను ఎత్తుకోడు. "మా అవ్వ మడి కూడా ఇంత లేదు" అనింది నా భార్య. ఆవిడ కాఫీ టంబ్లరు ఆ బల్ల మీద పెట్టబోయి అప్పుడే చీవాట్లు తిని ఉంది. కాఫీ టంబ్లరు, వణికేది కాదు.

గింజల లెక్క మాత్రం నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. వాడు ఇది ఏదో తెల్లవాళ్ళ విద్యలాగా చెప్పబోతే ఆపాను. ఒరే, కంపెనీవాళ్ళ కాలం నుంచీ మన తులం అంటేనే 180 గ్రెయిన్లు. మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు శేరు, అయిదు శేర్లు వీసె. అంటే మీ అవ్వ వీసె వంకాయలు తెమ్మన్నప్పుడల్లా మీ తాత 21,600 గింజలు మోసుకొచ్చాడు. ఉత్తరాది లెక్కలో తులానికి 96 గురిగింజలు, అంటే గురిగింజకు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. 1956లో మెట్రిక్ చట్టం చేసి మన ప్రభుత్వం వీటన్నిటినీ సాగనంపింది. మనం వదిలేసిన గింజ ఇక్కడ మీ కారు షెడ్డులో తలదాచుకుంటా ఉంది. నీ పెండ్లికి నేను పెట్టిన బంగారం సవరకు 8 గ్రాముల చొప్పున లెక్క, గ్రెయిన్లలో సవరకు 123న్నర. ఎన్ని గింజలు పెట్టానో నీ తక్కెడతో తూచుకో అన్నాను. మా అమ్మి లోపలినుంచి "నాయనా, ఇప్పుడెందుకు ఆ మాట" అనింది.

నా అవమానం అక్కడితో ముగియలేదు. ఒక ఆదివారం వాడితో రైఫిలు మైదానానికి పోయి, కిందపడిన ఖాళీ తొడుగులు నడుం వంచి ఏరబోయాను. చెనక్కాయలు పెరికినాక చేలో రాలిన కాయలేరిన చెయ్యి ఇది, ఊరికే ఉండదు. వాడు పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు ముట్టొద్దు మామా!" అన్నాడు. ఎందుకంటే నేను విజిటర్ వీసా మీద వచ్చినవాణ్ణి. వాళ్ళ చట్టంలో వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప. తూటా అంటే ఆ చట్టంలో నిండు తూటా ఒక్కటే కాదు, ఖాళీ తొడుగూ, ప్రైమరూ, గుండూ, మందూ అన్నీ తూటాలోకే వస్తాయి. ముప్పై నాలుగేళ్ళు సర్కారు కొలువు చేసి, ఒక్క మెమో కూడా తీసుకోనివాణ్ణి, ఇత్తడి ముక్క ముట్టుకుంటే ముద్దాయిని. అప్పటినుంచి మైదానంలో నా ఉద్యోగం గొడుగు పట్టుకోవడం. సాయంత్రాలు మనసు బాగాలేనప్పుడు ఆ ఊళ్ళోనే 2014లో గాంధీ జయంతి నాడు తెరిచిన గాంధీ విగ్రహం దగ్గరికి నడుచుకుంటూ పోయి కూర్చునేవాణ్ణి. ఆయన కూడా కర్ర తప్ప ఏమీ పట్టుకోలేదు.

తిరుగు ప్రయాణం ముందు రాత్రి పెట్టెలు సర్దుతుంటే నా భార్య చీరె మడతలోంచి ఒక ఇత్తడి తొడుగు జారిపడింది. తళతళా బంగారంలా ఉంది. "కుంకం పోసుకొనేదానికి బాగుంటాదని" అనింది. బెంగుళూరు విమానాశ్రయంలో ఎక్స్‌రే ముందు కుంకుమబరిణె గురించి వివరిస్తున్న నా ముఖం కళ్ళముందు కదిలింది. ఆ రాత్రి మూడుసార్లు పెట్టెలు దులిపాను. ఊరగాయ సీసా మూత కూడా తీసి చూశాను, అది అమెరికా వచ్చేటప్పుడు తెచ్చుకున్నదే అయినా.

వచ్చేటప్పుడు అల్లుడు ఒక పెట్టె చేతిలో పెట్టాడు. పాత తక్కెడ. వాడు అయిదో కాటా కొన్నాడు, అది తనంతట తానే మందు పోసుకుని తూచుకుంటుందంట. "నీకు ఇష్టం గదా మామా, ఉంచుకో" అన్నాడు. వాడి కళ్ళలోకి చూసి, చెవి మెలిపెట్టే ఆలోచన మానుకున్నాను.

పెద్దమండ్యంలో దాన్ని దేవుడి గూటి పక్క బల్ల మీద పెట్టాను. కాగితాలు మడిచి కాళ్ళకింద పెట్టి సమం చేశాను. కంటి ఎత్తుకు మోకాళ్ళు వంచి ముల్లు చూశాను. తూచడానికి మందు లేదు, దేవుడి దయవల్ల. గూట్లో అమ్మ పూజలో పెట్టుకున్న వెండి రూపాయి ఉంది, అయిదో జార్జి తల, 1918. ఆ రూపాయి టంకశాలలో పుట్టినప్పుడు సరిగ్గా తులం, 180 గ్రెయిన్లు. పళ్ళెంలో వేశాను. బరువులు జరిపాను, ఊపిరి బిగబట్టాను.

177.4.

రెండున్నర గింజలు ఎవరు తిన్నారు? నా భార్యను పిలిచి అడిగాను. "మీ అమ్మ అరవై ఏండ్లు శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తోమింది గదా, అరగదా" అనింది. అమ్మ చేతుల్లో అరిగిన వెండి ఎంతో ఇన్నాళ్ళకు అంకెల్లో చూశాను. అది తరుగుగా రాసుకోవాలా, కొసరుగా రాసుకోవాలా తేలక, రాత్రి పూట ఇర్వింగుకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున. వెనక టంబ్లరు గరగరలాడుతోంది. సంగతంతా చెప్పాను.

వాడు శ్రద్ధగా విన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పైన ఫ్యాను తిరుగుతా ఉండాదేమో చూడు మామా" అన్నాడు.